బీబీ84 ప్రాజెక్టుకి ముందు రిసీవర్ సంగతి చూడండి

భీమవరంలో ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్నానని, బీబీ84 పద్ధతిలో రహస్య కీ అందుకునే రిసీవర్ కాలేజీ ల్యాబ్‌లో కట్టగలమా అని అడిగారు కదా. అంటే ఒక్కో ఫోటాన్ (కాంతి కణం) పోలరైజేషన్‌లో, అంటే కాంతి ఊగే దిశలో, కీ బిట్లు పంపే క్వాంటం పద్ధతి. మాది అమలాపురం దగ్గరండి. ఎంటెక్‌లో ఇలాంటి రిసీవర్ అమర్చాను, ఇప్పుడు కోనసీమలో ఫైబర్ లైన్ల పని చూస్తున్నాను.

ఆప్టిక్స్ వరకు కట్టగలరు. వచ్చిన ఫోటాన్ ముందు సగం సగం చీల్చే బీమ్ స్ప్లిట్టర్ దగ్గరికి వస్తుంది. ఏ దారి పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు, మనకి కావలసిందీ అదే. ఒక దారిలో నిలువు, అడ్డం పోలరైజేషన్ కొలుస్తాం. రెండో దారిలో హాఫ్ వేవ్ ప్లేట్ (పోలరైజేషన్ దిశని తిప్పే పలక) 22.5 డిగ్రీలు తిప్పి ఏటవాలువి కొలుస్తాం. మొత్తం నాలుగు డిటెక్టర్లు.

అసలు తలనొప్పి ఒక్కో దారిలో రెండు పోలరైజేషన్లని విడదీసే పోలరైజింగ్ క్యూబ్‌తోనే. నేరుగా దాటిన కాంతి శుభ్రంగా ఉంటుంది. పక్కకి మళ్లిన దాంట్లో మాత్రం రాకూడని పోలరైజేషన్ కొంత కలిసిపోతుంది. నూటికి ఒక వంతు కలిసినా ఆ వైపు డిటెక్టర్ ఇచ్చే బిట్లలో దాదాపు ఒక శాతం తప్పు వచ్చినట్టే. మొత్తం తప్పులు సుమారు 11 శాతం దాటితే ఆ కీ పారేయాల్సిందే. అందుకే పక్క దారిలో ఇంకో పోలరైజర్ పెట్టండి, ఖర్చైనా సరే.

ఫైబర్‌లో 1550 నానోమీటర్ల దగ్గర వాడే సింగిల్ ఫోటాన్ డిటెక్టర్‌ని సున్నా కంటే పదుల డిగ్రీలు కిందికి చల్లబరచాలి. లేకపోతే కాంతి రాకపోయినా కౌంట్లు వస్తూనే ఉంటాయి. వానాకాలం మన గాలిలో తేమ తెలిసిందేగా, సీలు కాస్త వదులైతే చాలు, డిటెక్టర్ ముందు అద్దం మీద నీరు పట్టేస్తుంది. డబ్బాలో సిలికా జెల్ పెట్టి, అది రంగు మారిందేమో చూస్తూ ఉండాలి.

కాలువ గట్టు స్తంభాల మీద వేలాడే ఫైబర్ ఇంకో టెన్షన్. గాలికి ఊగినప్పుడల్లా పోలరైజేషన్ తిరిగిపోతుంది, రిసీవర్ ముందు దాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దే కంట్రోలర్ తప్పదు. పైగా కిలోమీటరుకి 0.2 డీబీ (డెసిబెల్) నష్టం, 10 డీబీ పోతే పదో వంతే మిగులుతుంది. రాజమండ్రి నుంచి కాకినాడ అంత దూరం వెళ్తే పదో వంతు ఫోటాన్లు కూడా మిగలవు.

డిటెక్టర్ కౌంట్ ఇచ్చిందని గుడ్డిగా నమ్మకూడదు కూడా. కీ దొంగిలించేవాళ్లు బలమైన కాంతి కొట్టి డిటెక్టర్లని తమ చెప్పుచేతల్లోకి తెచ్చుకోవచ్చని 2010లో నార్వే, జర్మనీ పరిశోధకులు మార్కెట్లో అమ్మే పరికరాల మీదే చూపించారు. కనీసం లోపలికి వచ్చే కాంతి మోతాదు కొలిచే మీటర్ ఒకటి రిసీవర్ మొదట్లోనే పెట్టండి.

సింగిల్ ఫోటాన్ డిటెక్టర్లు మీ బడ్జెట్‌లో రావు. మామూలు లేజర్, ఫోటోడయోడ్లతో చేసి, ఒక్కో క్యూబ్‌లో రెండు వైపులా ఎంత లీకవుతోందో కొలిచి రిపోర్టులో పెట్టండి. అది భద్రమైన కీ అని మాత్రం రాయకండి.