'హీ డాక్టర్' అంటే తప్పేంటి?

ప్రశ్న: కర్త, కర్మ, క్రియలనే ఇంగ్లిష్‌లో సబ్జెక్ట్, ఆబ్జెక్ట్, వెర్బ్ అంటారని తెలుసు. అయినా సొంతంగా ఒక్క వాక్యం రాయాలంటే టెన్షన్. 'హీ డాక్టర్' అని రాస్తే తప్పన్నారు. ఎందుకు? ప్రతి వాక్యంలోనూ ఆబ్జెక్ట్ ఉండి తీరాలా? - ఒక పాఠకురాలు

జవాబు: పేర్లు మీకు వచ్చేశాయి, ఇక చూడాల్సింది అవి ఎక్కడ కూర్చుంటాయన్నదే. తెలుగులో 'కుక్క మనిషిని కరిచింది' అన్నా, 'మనిషిని కుక్క కరిచింది' అన్నా కరిచింది కుక్కే, ఎందుకంటే 'ని' అనే విభక్తి మనిషికి అంటుకుని ఉంది కాబట్టి ఆ మాట ఎటు జరిగినా కర్మే. ఇంగ్లిష్ నామవాచకాలకు ఈ సదుపాయం లేదు. 'ద డాగ్ బిట్ ద మ్యాన్'లో ఆ రెండు మాటల్నీ అటూ ఇటూ మార్చండి, మనిషే కుక్కను కరిచేస్తాడు! హీ-హిమ్, ఐ-మీ లాంటి కొన్ని సర్వనామాలు రూపం మార్చుకుంటాయి గానీ, మిగతాచోట్ల వెర్బ్‌కు ముందున్నది సబ్జెక్ట్, తర్వాత వచ్చేది ఆబ్జెక్ట్.

ఇక మీ 'హీ డాక్టర్'. 'ఆయన డాక్టర్' అనే తెలుగు వాక్యంలో క్రియే లేదు, మనకు అవసరం లేదు. ఇంగ్లిష్‌లో అది కుదరదు, 'హీ ఈజ్ ఎ డాక్టర్' అనాల్సిందే. సబ్జెక్ట్ కూడా అంతే. 'వచ్చాను' అంటే వచ్చింది నేనేనని ఆ చివరి 'ను' చెప్పేస్తుంది, 'కేమ్' అంటే ఎవరొచ్చారో తెలీదు. అందుకే వాన పడుతోందని చెప్పడానికి కూడా 'ఇట్ ఈజ్ రైనింగ్' అంటారు. ఆ 'ఇట్'కు అర్థం వెతక్కండి, సబ్జెక్ట్ చోటు ఖాళీగా ఉండకూడదని పెట్టిన మాట అది. 'కమ్ హియర్' లాంటి ఆజ్ఞల్లో మాత్రం 'యు' చెప్పకపోయినా ఉన్నట్టే లెక్క.

ఆబ్జెక్ట్ ఉండాలా వద్దా అన్నది వెర్బ్‌ని బట్టి ఉంటుంది. 'ద బేబీ స్లెప్ట్' పూర్తి వాక్యమే. 'షి బాట్' అని ఆపేస్తే మాత్రం ఏం కొందని అడుగుతాం. 'షి గేవ్ మీ ఎ బుక్'లో రెండు ఆబ్జెక్టులు, ఎవరికి ఇచ్చిందో ఒకటి, ఏమిచ్చిందో ఒకటి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది: 'హీ మెట్ ఎ డాక్టర్'లో ఇద్దరు మనుషులున్నారు కాబట్టి డాక్టర్ ఆబ్జెక్ట్, 'హీ ఈజ్ ఎ డాక్టర్'లో ఉన్నది ఒక్కరే, ఆ డాక్టర్ ఆయనే, కాబట్టి అది కాంప్లిమెంట్, అంటే పొగడ్త కాదు, సబ్జెక్ట్ ఎవరో చెప్పి వాక్యాన్ని పూర్తిచేసే మాట.

తెలుగులో ఆలోచించి మాటకు మాట మార్చే అలవాటుంటే ఇంకోచోట కూడా జాగ్రత్త. 'నాకు ఈ పాట నచ్చింది'లో కర్త పాట. అదే 'ఐ లైక్ దిస్ సాంగ్' అయ్యేసరికి సబ్జెక్ట్ నేను, పాట ఆబ్జెక్ట్. 'నాకు కావాలి', 'నాకు తెలుసు' కూడా ఇలాగే 'ఐ వాంట్', 'ఐ నో' అవుతాయి. రాసేముందు వెర్బ్ ఏదో తేల్చుకుని, ఇంగ్లిష్‌లో ఆ పని ఎవరి పేర చెబుతారో చూసి, ఆ మాటతో మొదలుపెట్టండి.