యూట్యూబ్ కోసం పీజీ మానుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడలో ఎం.బి.బి.ఎస్. మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఆరోగ్య విషయాలపై యూట్యూబ్‌లో వీడియోలు పెడతాడు, చూసేవాళ్లూ బాగానే ఉన్నారు. హౌస్ సర్జన్సీ అయ్యాక పీజీకి వెళ్లనని, అమెరికాలోని డాక్టర్ సంజయ్ గుప్తాలా మీడియాలో స్థిరపడతానని అంటున్నాడు. వారించాలా, ప్రోత్సహించాలా? – ఒక తండ్రి, సామర్లకోట

జవాబు: మీ అబ్బాయి ఎంచుకున్న ఆదర్శం మంచిదే గానీ, ఆయన కథను టీవీ తెర దగ్గర నుంచి మొదలుపెట్టి చూస్తున్నాడు. సంజయ్ గుప్తా 1993లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా పుచ్చుకుని, న్యూరోసర్జరీలో (మెదడు, నరాల శస్త్రచికిత్సలో) ఏళ్ల తరబడి శిక్షణ పూర్తి చేసుకున్న తరువాతే, 2001లో సీఎన్‌ఎన్ వార్తా ఛానెల్‌లో అడుగుపెట్టారు. ఆ శిక్షణ మధ్యలో ఒక ఏడాది అమెరికా అధ్యక్ష కార్యాలయంలో వైట్‌హౌస్ ఫెలోగా పనిచేస్తూ హిల్లరీ క్లింటన్ ప్రసంగాల రచనలో పాలుపంచుకున్నారు. అంటే కెమెరా కన్నా ముందు ఆయన చేతికి కత్తి, కలం రెండూ అలవడ్డాయి.

టీవీలోకి వెళ్లాక కూడా ఆయన ఆపరేషన్ థియేటర్‌ను వదలలేదు. 2003లో ఇరాక్ యుద్ధాన్ని నివేదించడానికి అమెరికా నౌకాదళ వైద్య బృందం వెంట వెళ్లినప్పుడు, అక్కడ మరో న్యూరోసర్జన్ లేనందువల్ల విలేకరి పనిని పక్కన పెట్టి అయిదు శస్త్రచికిత్సలు చేశారు. విలేకరి అలా చేయవచ్చునా అన్న చర్చ అప్పట్లో జరిగింది. నా దృష్టిలో అసలు విషయం వేరే: ఆ క్షణాన చేయి తిరిగిన వైద్యుడు కనుకనే ఆయన మాటకు అంత విలువ వచ్చింది. మన దగ్గర విజయవాడ డాక్టర్ సమరం గారు కూడా వైద్యం చేస్తూనే పత్రికల్లో పాఠకుల సందేహాలు తీర్చారు.

ఇదే దారికి మరో కొస కూడా ఉంది. పేరున్న గుండె శస్త్రచికిత్స నిపుణుడైన డాక్టర్ మెహ్మెత్ ఓజ్, తన టీవీ కార్యక్రమంలో పచ్చి కాఫీ గింజల సారం వంటి బరువు తగ్గించే ఉత్పత్తులను ఆకాశానికెత్తినందుకు 2014లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. పీజీ ఉన్నవారికే ఆ గతి పట్టినప్పుడు, చదువు ముగియని కుర్రాడి ముందుకు ఏదో కంపెనీ పౌడరు డబ్బా, చెక్కు పట్టుకుని వస్తే ఏమవుతుందో ఊహించండి. మన దేశంలో 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం వైద్యులు రోగులను ఆకర్షించేలా ప్రకటనలు ఇవ్వకూడదు, మందులను వాణిజ్యపరంగా సిఫారసు చేయకూడదు. వీక్షకులు ‘డాక్టర్ గారూ’ అని పిలిచినా మీవాడు ఇంకా విద్యార్థేనన్నది వీడియోలో స్పష్టంగా కనిపించాలి. మందుల పేర్లు, మోతాదులు చెప్పకూడదు.

కనుక వీడియోలు మాన్పించవద్దు, పీజీ వదలనివ్వవద్దు. జనరల్ మెడిసిన్, పిల్లల వైద్యం, సైకియాట్రీ, ఎస్.పి.ఎం. (సామాజిక, నివారణ వైద్యం) వంటి విభాగాలు ఇలాంటి ఆసక్తి ఉన్నవారికి బాగా నప్పుతాయి. ముఖ్యంగా ఎస్.పి.ఎం.ను మార్కులు తక్కువ వచ్చినవారి సీటుగా చూసే మన అలవాటు నాకు నచ్చదు. జనంతో మాట్లాడే వైద్యుడికి అంతకన్నా పనికొచ్చే చదువు అరుదు. పీజీ రోజుల్లో తీరిక ఉండదు కాబట్టి నెలకొక వీడియో చాలు.

గంజాయిని వైద్యంలో వాడటాన్ని వ్యతిరేకించిన గుప్తా, 2013లో తన అభిప్రాయం పొరపాటని బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మీ అబ్బాయి ఈసారి సెలవులకు వచ్చినప్పుడు, ఇప్పటివరకు పెట్టిన వీడియోల్లో తప్పని తనకే తెలిసినవి ఏవైనా ఉన్నాయా అని నెమ్మదిగా అడగండి; ఉంటే వాటిని చడీచప్పుడు లేకుండా తొలగిస్తాడో, తప్పు ఒప్పుకుంటూ మరో వీడియో చేస్తాడో అతణ్నే తేల్చుకోనివ్వండి.