‘గట్టిగా నొక్కి పెట్టండి’ అని రాస్తే చాలదు

తమ్ముడికి,

ఆశీస్సులు. లారీలో జీపీఎస్ ట్రాకర్ బిగించే పద్ధతి మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష తేటగా ఉంది. కానీ అసలైన చోట “కనెక్టర్లన్నీ గట్టిగా నొక్కి పెట్టాలి” అని ఒక్క వాక్యంతో దాటేశావు. దాన్ని కొట్టేసి, అక్కడ రెండు పేజీలు రాయి.

ముందు కారణం చెప్పు. ప్లగ్గులోని పిన్నును సాకెట్‌లో పట్టి ఉంచేది సన్నని స్ప్రింగు ఒత్తిడే. ఇంజను అదురుకి ఆ పిన్ను మిల్లీమీటరులో వందో వంతు కదిలినా చాలు, తగరం పూత మీది ఆక్సైడ్ పొర చిట్లుతుంది. అడుగు నుంచి బయటపడ్డ కొత్త తగరం మళ్లీ ఆక్సైడ్ అవుతుంది. ఇలా అరిగి అరిగి, ఆ నల్లటి పొడి పిన్నుకీ సాకెట్‌కీ మధ్య పేరుకుంటుంది. ప్లగ్గు ఊడదు, చూపుకి అంతా బాగానే ఉంటుంది, లోపల రెసిస్టెన్స్ మాత్రం పెరిగిపోతుంది. మెకానిక్ ప్లగ్గు పీకి మళ్లీ పెట్టగానే ఆ రాపిడికి పొడి తొలగి, పరికరం పనిచేస్తుంది. ఇక బాగైందనుకుని పంపించేస్తాడు. కొన్నాళ్లకు బండి అదే జబ్బుతో తిరిగొస్తుంది. నీ పాఠకుడికి రోజూ ఎదురయ్యే సంగతి ఇది, దీన్ని వివరంగా రాయి.

లెక్క కూడా చూపించు. ట్రాకర్‌లో ఉండే 2జీ మోడెమ్ సిగ్నల్ పంపేటప్పుడు 577 మైక్రోసెకన్ల పాటు దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. లోపలి బ్యాటరీ 3.8 వోల్టులు అనుకుందాం. బ్యాటరీ కనెక్టర్‌లో 0.3 ఓమ్ రెసిస్టెన్స్ చేరితే ఆ క్షణంలో 0.6 వోల్టు అక్కడే పడిపోయి, మోడెమ్‌కి 3.2 మిగులుతుంది. ఎస్ఐఎం800 రకం 2జీ మోడెమ్ మాడ్యూల్‌కి కనీసం 3.4 వోల్టులు కావాలి. ఆ క్షణానికి నిల్వ కరెంటు అందించే కెపాసిటర్ పక్కన తగినంత లేకపోతే రీస్టార్ట్ అవుతుంది. ఓనరేమో నెట్‌వర్క్ బాగోలేదని సిమ్ మారుస్తాడు. మల్టీమీటర్ పెడితే 3.8 చూపిస్తుంది, ఎందుకంటే ఆ వోల్టేజీ పడిపోయే క్షణం దానికి అందనంత చిన్నది.

ఇప్పుడు మందు. రెండు ముక్కలూ కలిసి ఊగితే కనెక్షన్‌కి హాని తక్కువ, ఒకటి ఒక తీరుగా మరొకటి ఇంకో తీరుగా ఊగితేనే చేటు. అందుకే ప్లగ్గు నుంచి బెత్తెడు దూరంలోపు వైరును కేబుల్ టైతో కట్టమను. దేనికి కట్టాలో కూడా చెప్పు: కనెక్టర్ ఏ భాగం మీద ఉందో ఆ భాగానికే. పరికరం డాష్‌బోర్డుకి బిగించి, వైరును స్టీరింగ్ కాలమ్‌కి కడితే అదురంతా పిన్నుల మీదే పడుతుంది. టైకీ ప్లగ్గుకీ మధ్య వైరు కాస్త వదులుగా వంపు తిరిగి ఉండాలి.

లాకుల రకాలను కలిపేయకు. నీరు చొరని సీల్డ్ కనెక్టర్లలో ‘టక్’ మనే లాకుతో పాటు టెర్మినళ్లను, అంటే వైర్ల చివర బిగించిన లోహపు ముక్కలను, పట్టి ఉంచే రెండో లాకు ఉంటుంది. అది పూర్తిగా దిగకపోతే ఏదో టెర్మినల్ లోపలికి వెళ్లలేదని అర్థం, బలవంతంగా నొక్కకూడదు. యాంటెన్నా వైరుకుండే ఎస్ఎంఏ అనే మర కనెక్టర్ నట్టును వేళ్లతో తిప్పి వదిలేస్తే ఊడుతుంది, ఎక్కువ బిగిస్తే మర పోతుంది. ఇత్తడిదైతే సుమారు 0.56 న్యూటన్ మీటర్లు చాలు. బండి లోపాలు చూసే యంత్రం గుచ్చే ఓబీడీ పోర్టుకి గట్టి లాకే ఉండదు. బరువైన ట్రాకర్‌ను నేరుగా దానికి గుచ్చి వేలాడదీసే బదులు పొట్టి ఎక్స్‌టెన్షన్ వాడి, ట్రాకర్‌ను వేరేగా బిగించమను.

టెర్మినల్‌లో పెట్టి టూలుతో నొక్కి బిగించిన, అంటే క్రింప్ చేసిన వైరుకి ‘ఇంకా గట్టిగా ఉంటుంద’ని టంకం వేయించే అలవాటు మన దగ్గర చాలా ఉంది. దీని మీద మొహమాటపడకుండా రాయి. టంకం పోగుల్లోకి పాకి, పాకినంత మేరా వైరును బిరుసు చేస్తుంది. ఆ బిరుసు ఆగే అంచు దగ్గరే పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. సరైన కొలత టెర్మినలూ, దానికి తగిన క్రింపింగ్ టూలూ ఉంటే టంకం అక్కర్లేదు.

అంటించే వాటిలో నీలి థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా మరకి రాసే జిగురు) లోహపు స్క్రూలకే. ఏబీఎస్, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌లకి తగిలితే పగుళ్లిస్తుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రాగిని తింటుంది, న్యూట్రల్ క్యూర్ రకం తీసుకోమను. హాట్ గ్లూ ఎండలో నిలబెట్టిన బండిలో మెత్తబడుతుంది. బంగారు పూత పిన్నుని తగరం పూత సాకెట్‌లో పెట్టొద్దనీ చేర్చు.

చివర పరీక్ష రాయి. ఇంజను ఆన్‌లో ఉంచి, సర్వర్‌లో ట్రాకర్ లాగ్ చూస్తూ ఒక్కో వైరును ప్లగ్గు దగ్గర వేళ్లతో మెల్లగా అటూ ఇటూ కదిలించాలి. ఏ వైరు దగ్గర రీస్టార్ట్ కనిపిస్తే అక్కడ లూజ్ కాంటాక్ట్. వైరు తెగలేదని మల్టీమీటర్ ఇచ్చే కంటిన్యుటీ బీప్‌ని నమ్ముకోవద్దని చెప్పు. ల్యాబుల్లో వైబ్రేషన్ పరీక్షప్పుడు ఒక మైక్రోసెకను తెంపునీ పట్టుకుంటారు, బీపర్‌కి అంత వేగం లేదు.

టై కట్టిన చోటు, రెండో లాకు దిగిన తీరు, ఈ రెండింటికీ దగ్గరి నుంచి తీసిన ఫొటోలు జతచేసి మళ్లీ పంపు. టెర్మినల్ కొలతల పట్టిక కూడా పెట్టు, చూస్తాను.

ఇట్లు,
మీ అన్నయ్య