మంచు బరమా పదును ఎందుకు నిలవడం లేదు?

అమలాపురం ప్రాంతం నుంచి వచ్చి అమెరికాలోని మిన్నెసోటాలో తొలి చలికాలం గడుపుతున్న మన కోనసీమ అబ్బాయి ఒకరు ఈ సందేహం అడిగారు. గడ్డకట్టిన సరస్సు మీద మంచుకు రంధ్రం వేసి చేపలు పట్టడానికి ఆయన కొన్న చేతి బరమా మొదటి రోజు అరటిబోదెలో కత్తి దిగినట్టు దిగిందట. మూడో వారానికే అది మంచును గీకుతూ తిరుగుతోందే తప్ప లోపలికి దిగడం లేదట. బ్లేడ్లు నాసిరకంవేమో, కొత్త జత కొనాలా అన్నది ఆయన ప్రశ్న.

కొనడానికి ముందు కారణం వెతకండి. అది దొరక్కపోతే కొత్త జతకూ ఇదే గతి పడుతుంది. శుభ్రమైన మంచు ఉక్కును ఇంత త్వరగా అరగదీయలేదు. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానం మీద సున్నా డిగ్రీల దగ్గర మంచు విలువ సుమారు 1.5 మాత్రమే. చలి ముదిరినకొద్దీ అది పెరుగుతుంది గానీ, సరస్సు మీద మనం చూసే చలిలో ఉక్కు దరిదాపులకు కూడా రాదు. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ విలువ మాత్రం 7, అంటే మామూలు బ్లేడు ఉక్కు కన్నా ఎక్కువ. అందుకే నేను మొదట అనుమానించేది మంచులో చిక్కుకున్న ఇసుకనే.

ఈ సంగతి నాకు ఇక్కడ తెలిసింది కాదు. మా నాన్నగారు రాజోలు దగ్గర నాటుపడవలు బాగుచేసే వడ్రంగి. మరమ్మతుకు వచ్చిన పడవ పలకను ముందు కొబ్బరి పీచుతో రుద్ది, రెండు మూడు బిందెల నీళ్ళు పోసి, ఆరాక అరచేత్తో తడిమి చూస్తే గానీ ఆయన దాని మీద చిత్రిక పట్టనిచ్చేవారు కాదు. ఒకసారి తొందరపడి కడగని పలక మీద నేను నాలుగు పట్లు పట్టాను. చుట్టలు చుట్టలుగా రావలసిన పొట్టు పిండిలా రాలింది. ఆయన చిత్రిక బ్లేడు విప్పి ఎండకు పట్టి చూపించారు. అంచు పొడవునా సన్నని తెల్లటి గీత మెరుస్తోంది. పదునున్న వాదర వెలుగులో కనబడదని, మొద్దుబారిన వాదరే మెరుస్తుందని ఆ రోజు నేర్చుకున్నాను. మీ బ్లేడునూ అలాగే దీపం కింద పెట్టి చూడండి. అంచంతా ఒకే తీరుగా మెరుస్తుంటే అది ఇసుక పని. ఒకచోట మాత్రమే గంటు పడి ఉంటే రాయో, కాంక్రీటో తగిలి ఉంటుంది.

సరస్సు మంచులోకి ఇసుక ఎలా వస్తుందని మీకు అనిపించవచ్చు. గట్టు దగ్గర లోతు తక్కువ కాబట్టి అలలు లేపిన ఇసుక మంచులోనే గడ్డకడుతుంది, గాలి మోసుకొచ్చే దుమ్ము పైన చేరుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా తెచ్చేవి వాహనాలు. ఇక్కడి రోడ్ల మీద చలికాలంలో చల్లే ఉప్పూ ఇసుకా చక్రాల పైభాగాన బురదమంచుగా పేరుకుని, సరస్సు మీదికి వచ్చాక ఊడి పడతాయి. మిల్ లాక్స్ వంటి పెద్ద సరస్సుల మీద మంచును చదును చేసి వేసే దారుల పక్కనే రంధ్రం వేసేవారి బ్లేడ్లు తొందరగా పాడవడానికి ఇదే కారణం. ఉప్పు తుప్పును కూడా తెస్తుంది. బరమా పెట్టేముందు బూటుతో పైమంచు తోసి చూడండి, గోధుమరంగు కనబడితే పది అడుగులు అవతలికి జరగండి. లోతు తక్కువ ఉన్నచోట రంధ్రం తెగగానే ఆపేయాలి. బరమా ఒక్కసారిగా కిందికి జారి అడుగున ఉన్న ఇసుకలో ఒక్క చుట్టు తిరిగినా ఆ అంచు పోయినట్టే.

రెండో కారణం పాత రంధ్రాలు. నున్నటి అంచున్న బ్లేడు చిత్రికలా పనిచేస్తుంది, కొత్త మంచును పలుచగా చెక్కుతుంది. నిన్నటి రంధ్రం మళ్ళీ గడ్డకట్టాక అందులో పెడితే ఒక పక్క గట్టిగా, ఒక పక్క వదులుగా తగిలి, ఎగిరెగిరి పడి అంచు విరుగుతుంది. ఆ పనికి పళ్ళున్న బ్లేడ్లు వేరే ఉన్నాయి. మన కక్కు కొడవలికీ మామూలు కత్తికీ ఉన్న తేడా లాంటిదే ఇది.

కొన్నిసార్లు పదును పోకుండానే పోయినట్టు కనిపిస్తుంది. మైనస్ ఇరవైలో తడి బరమా పైకి తీయగానే అంచు మీద మంచు పొర కడుతుంది, ఇక అది పట్టదు. పొర రాలాలని గట్టుకేసి కొట్టకండి. పైకి తీసినప్పుడే రెండు చుట్లు గాలిలో తిప్పి నీళ్ళు విదిలించండి, పొర కడితే గోరువెచ్చని నీళ్ళతో కరిగించి తుడవండి. బరమా కిందపడి బ్లేడు కూర్చునే చోటు వంగినా, మరలు వదులైనా కోణం మారి, పదునున్న బ్లేడు కూడా జారుతుంది.

నూరడం విషయంలో నా అనుభవం చెప్పాలి. తొలి ఏడాది నేను వంపు తిరిగిన బ్లేడ్లను ఆకురాయితో కొడవలి నూరినట్టు నూరాను. గోరు ఆన్చితే తెగేంత పదును వచ్చింది గానీ ఏటవాలు మారిపోవడంతో మంచు మీద పనికిరాలేదు. వాటిని అలవాటున్న వారికి ఇవ్వండి, లేదా రెండూ కలిపి మార్చండి. ఒక్కటే మారిస్తే రెండూ సమంగా తెగవు.

ఇంటికి రాగానే తుడిచి, ఆరబెట్టి, పల్చటి నూనె రాసి, తొడుగు వేసి ఉంచండి. కొబ్బరినూనె వద్దు, అది 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. సరస్సు మీదికి వెళ్ళేముందు నూనె తుడిచేయండి.

ఈ శనివారం గట్టుకూ చక్రాల జాడలకూ దూరంగా, కనీసం నాలుగు అంగుళాల మంచు ఉందని రూఢి చేసుకున్న చోట, పైమంచు తోసి, పొడి బ్లేడుతో ఒక కొత్త రంధ్రం వేయండి. మంచు పొరలు పొరలుగా లేస్తే కొత్త జత అక్కరలేదు, పిండిగా రాలితే కొనండి.