చంద్రపూర్ ఎండ, బొగ్గు పొగ కడుపులో బిడ్డకు హాని చేస్తాయా?

మీ చెల్లెలికి ఏడో నెల అనీ, మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో అత్తవారింట్లోనే ఉందనీ, ఈ ఎండకూ పొగకూ బిడ్డకు ఏమైనా అవుతుందా అనీ అడిగారు. అవుతుందని భయపెట్టను, ఏమీ కాదనీ అనలేను. నా మొదటి కాన్పు చంద్రపూర్ దగ్గరి బల్లార్షాలో, మే నెలలో. 35వ వారంలోనే నొప్పులొచ్చాయి. పాప 2 కిలోల 100 గ్రాములు. 37 వారాల లోపు పుడితే నెలలు నిండనట్టు, రెండున్నర కిలోల లోపు ఉంటే బరువు తక్కువైనట్టు. రెండూ మాకే దక్కాయి. ఎండ వల్లేనా అంటే, ఒక్క కాన్పును చూసి ఏ డాక్టరూ తేల్చలేరు.

చాలా కాన్పులను కలిపి చూస్తే మాత్రం తేడా తెలుస్తుంది. 27 దేశాల్లో జరిగిన 70 అధ్యయనాలపై 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సమీక్ష వచ్చింది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే నెలలు నిండని కాన్పుల అవకాశం సుమారు 5 శాతం, వడగాడ్పుల రోజుల్లో 16 శాతం ఎక్కువట. ఒంట్లో వేడి పోవడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో నీరు పోతుంది, మాయకు అందే రక్తం తగ్గవచ్చు. పొగలోని సన్నని ధూళి, అదే పీఎం 2.5, బిడ్డ బరువు తగ్గడానికి మరో కారణం.

నేను మధ్యాహ్నం ఎండ గురించే జాగ్రత్తపడ్డాను. పొరపాటు అక్కడే జరిగింది. మాది రేకుల ఇల్లు. రాత్రి పదకొండింటికి కూడా గోడకు అరచెయ్యి ఆనిస్తే చుర్రుమనేది. కిటికీ తెరిస్తే బొగ్గు పొడి. ఆరేసిన తెల్ల చీర దులిపితే వేళ్లు నల్లబడేవి. అందుకని అన్నీ మూసుకుని కూలర్ వేసుకున్నాం. గాలి బయటకు పోయే దారి లేకపోతే కూలర్ గదినంతా ఉక్కపోత చేస్తుంది, చెమట ఆరదు. రెండో కాన్పుకు గానీ ఎదురు కిటికీ జానెడు తెరిచి ఉంచాలని తెలియలేదు.

చంద్రపూర్‌లో బొగ్గుతో నడిచే 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాన్ని మనం మూయలేం. పక్కింటావిడ మాత్రం బొగ్గుల సిగ్డీని, అంటే కుంపటిని, సరిగ్గా మా కిటికీ కిందే రాజేసేది. మొహమాటంతో నెలల తరబడి ఆ పొగ పీల్చాను. రెండోసారి మా అత్తయ్య వెళ్లి ఒక్క మాట అడిగితే వెనక వాకిట్లోకి మార్చేసింది!

బిడ్డ కదలికలు తగ్గినా, ఉమ్మనీరు పోయినా, పొట్ట పదేపదే బిగుసుకుంటున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. నేను ఎండ నీరసమనుకుని సాయంత్రం దాకా మజ్జిగ తాగుతూ కూర్చున్నాను.

అన్నట్టు, సీమంతం ముహూర్తం మధ్యాహ్నమైతే సాయంత్రానికి మార్చమనండి. మా ఆడపడుచు సీమంతానికి మేం అడగ్గానే పంతులుగారు మార్చారు.