టెక్ సందేహాలు: 14న పట్టుబడి, 13న ఎంట్రీ

ప్రశ్న: మా నాన్నగారి రొయ్యల చెరువుల లెక్కల కోసం చిన్న వెబ్ యాప్ చేస్తున్నాను. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్, సర్వర్‌లో జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్. చెరువు నంబరు, కౌంట్, కిలోలు అన్నీ సరిగ్గానే సేవ్ అవుతున్నాయి. పట్టుబడి తేదీ మాత్రం 2025 జనవరి 14 అని ఎంచుకుంటే డేటాబేస్‌లో 13 పడుతోంది. పోస్ట్‌మన్‌తో (సర్వర్‌కి నేరుగా డేటా పంపి చూసే టూల్) పంపితే బాగానే ఉంది. పొరపాటు ఎక్కడ? – బీటెక్ విద్యార్థి, భీమవరం

జవాబు: సంక్రాంతి నాడు పట్టుబడికి మనుషులు ఎలా దొరికారో గానీ, మీ యాప్ దాన్ని భోగికి జరిపేసింది.

బ్రౌజర్‌లోని ఆబ్జెక్ట్ ఉన్నది ఉన్నట్టుగా సర్వర్‌కి వెళ్లదు. జేసన్.స్ట్రింగిఫై దాన్ని జేసన్ అనే పద్ధతిలో అక్షరాలుగా మారుస్తుంది. అటువైపు జాక్సన్ లైబ్రరీ ఆ అక్షరాలు చదువుకుని కొత్తగా జావా ఆబ్జెక్ట్ తయారు చేస్తుంది. మధ్యలో నడిచేది ఉత్త టెక్స్ట్. పైగా జేసన్‌లో నంబరుకి, స్ట్రింగ్‌కి చోటుంది గానీ తేదీ అనే రకమే లేదు.

మీ డేట్ పికర్ ఇస్తున్నది డేట్ ఆబ్జెక్ట్ అయి ఉండాలి. దాని దృష్టిలో 14 అంటే రోజు కాదు, మన గడియారం ప్రకారం 14వ తేదీ మొదలయ్యే క్షణం. స్ట్రింగిఫై ఆ క్షణాన్ని యూటీసీలోకి, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలోకి, మార్చి రాస్తుంది. మనం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటాం కాబట్టి అది 13వ తేదీ 18:30 అవుతుంది. సర్వర్‌లో మీ ఫీల్డ్ లోకల్‌డేట్ (టైమ్ లేకుండా తేదీ మాత్రమే ఉండే జావా రకం) అయితే జాక్సన్ టైమ్‌ని వదిలేసి తేదీ ముక్క మాత్రం తీసుకుంటుంది. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. నన్నడిగితే ఈ సర్దుబాటే ప్రమాదం. మొదటిసారే ఎర్రర్ కొట్టి ఉంటే మీకు అప్పుడే దొరికిపోయేది. ఆ ఫీల్డ్ మీద జేసన్‌ఫార్మాట్ అనొటేషన్‌లో లీనియెంట్‌ని (ఇలా సర్దుకుపోవాలా వద్దా అని చెప్పే సెట్టింగ్) ఫాల్స్ చేయండి, ఇకపై అలాంటి టెక్స్ట్ వస్తే సర్వర్ తిప్పికొడుతుంది. పోస్ట్‌మన్‌లో మీరు '2025-01-14' అని చేత్తో టైప్ చేసి ఉంటారు, అందుకే అక్కడ సమస్య కనబడలేదు.

బ్రౌజర్‌లోనూ అదే పంపండి. హెచ్‌టీఎంఎల్‌లో డేట్ రకం ఇన్‌పుట్ పెడితే దాని వాల్యూ సరిగ్గా ఆ రూపంలోనే వస్తుంది. దాన్ని మళ్లీ డేట్ ఆబ్జెక్ట్‌లో పెట్టకండి. పికర్ లైబ్రరీయే కావాలంటే సంవత్సరం, నెల, రోజు విడిగా తీసి అదే రూపంలో స్ట్రింగ్‌గా కలపండి. నెలలు సున్నా నుంచి మొదలవుతాయి, ఒకటి కలపడం మరిచిపోవద్దు. ఏరేటర్ ఎన్నింటికి ఆన్ అయింది లాంటివి మాత్రం నిజంగానే క్షణాలు. వాటికి యూటీసీయే మేలు, జావా వైపు ఇన్‌స్టంట్ అనే రకం వాడండి.

మీరు అడగనిది ఇంకోటి. యాప్‌ని క్లౌడ్‌లో పెడితే అక్కడి సర్వర్ గడియారం చాలావరకు యూటీసీలోనే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి గట్టు మీద నుంచి ఎంట్రీ చేస్తే, ఖాళీ బ్రాకెట్లతో పిలిచిన లోకల్‌డేట్.నౌ నిన్నటి తేదీ ఇస్తుంది. దానికి ఆసియా/కోల్‌కతా జోన్ ఇవ్వండి.

ప్రశ్న: కొబ్బరి కొనుగోళ్ల బిల్లులకు సాఫ్ట్‌వేర్ రాశాను. జావా పంపే 19 అంకెల బిల్ ఐడీ బ్రౌజర్‌లోకి వచ్చేసరికి చివరి అంకెలు మారిపోతున్నాయి. బిల్లు తెరవబోతే దొరకడం లేదు. – అంబాజీపేట

జవాబు: జావాలో లాంగ్ అనే పూర్ణసంఖ్య రకం 19 అంకెల వరకు మోస్తుంది. జావాస్క్రిప్ట్ నంబరు మాత్రం 9007199254740991 దాటితే ప్రతి పూర్ణసంఖ్యనీ కచ్చితంగా పట్టుకోలేదు. 1234567890123456789 పంపితే 1234567890123456800 అని చూపిస్తుంది. ఐడీలతో కూడికలు, తీసివేతలు ఎవరూ చేయరు కదా, స్ట్రింగ్‌గా పంపేయండి. జాక్సన్‌లో ఆ ఫీల్డ్‌కి టు‌స్ట్రింగ్‌సీరియలైజర్ తగిలిస్తే చాలు, డేటాబేస్ జోలికి వెళ్లక్కర్లేదు.

ప్రశ్న: జావాస్క్రిప్ట్ ఫెచ్‌తో సర్వర్‌కి జేసన్ పంపితే 415 ఎర్రర్ (ఈ రకం డేటా తీసుకోను అని). డేటాలో తప్పేమీ లేదు. – పాలకొల్లు

జవాబు: డేటాని సర్వర్ ఇంకా చదవనే లేదు. ఫెచ్‌కి స్ట్రింగ్ ఇస్తే, మీరు చెప్పకపోతే, అది మామూలు టెక్స్ట్ అని హెడర్‌లో రాసి పంపుతుంది. కంటెంట్-టైప్ దగ్గర అప్లికేషన్/జేసన్ అని పెట్టండి. పేజీ 3000 పోర్టులో, సర్వర్ 8080లో ఉంటే ఆ వెంటనే కార్స్ ఎర్రర్ (వేరే చిరునామాలోని సర్వర్‌తో పేజీ మాట్లాడకుండా బ్రౌజర్ పెట్టే అడ్డు) రావచ్చు. టెన్షన్ పడొద్దు, హెడర్ తీసేయనూ వద్దు. ఆ పేజీ చిరునామాని సర్వర్‌లోని కార్స్ సెట్టింగ్‌లో చేర్చండి.