మీ కేల్‌కు వైరస్ లేదు, అదును తప్పింది

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి కేల్ అనే క్యాబేజీ జాతి ఆకుకూర విత్తనాలు పంపింది. ప్యాకెట్ మీద వసంతం మొదట్లో విత్తాలని ఉంటే ఫిబ్రవరిలో నారు పోసి, మార్చి మొదటి వారంలో మిద్దె మీద 12 కుండీల్లో నాటాను. ఇప్పుడు ఆకులు బిరుసుగా, చేదుగా ఉన్నాయి. చిల్లులు పడుతున్నాయి, అడుగు ఆకులు పండుబారుతున్నాయి. మందుల దుకాణంలో చూపిస్తే వైరస్ అని చెప్పి మోనోక్రోటోఫాస్, ఒక టానిక్ ఇచ్చారు. నాలుగు రోజుల క్రితం కొట్టాను. రెండోసారి కొట్టాలా? కోత ఎప్పుడు మొదలుపెట్టాలి?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: రెండోసారి కొట్టొద్దు. ఆ మొక్కల నుంచి ఒక్క ఆకు కూడా కోయొద్దు. మోనోక్రోటోఫాస్ ఆకు లోపలికి ఇంకిపోయే పురుగుమందు. ఉప్పు నీళ్లలో కడిగినా పోదు. మొక్కలన్నీ పీకి పారేయండి. మేకకో ఆవుకో వేయకండి. ఈ మందును కూరగాయల మీద వాడకూడదని మన దేశంలో ఎన్నో ఏళ్ల క్రితమే నిషేధించారు. అలాంటిది ఇంట్లో తినే ఆకుకూరకు ఇచ్చారంటే ఆ దుకాణదారుకు పంటతో పనిలేదు, సీసా అమ్ముడుపోతే చాలు. మిగిలిన సీసా అక్కడే తిరిగి ఇచ్చేయండి. వంటింటి దరిదాపుల్లో ఉంచొద్దు.

ఇక వైరస్ మాట. వైరస్ వస్తే ఆకు ముడుచుకుంటుంది, లేత, ముదురు పచ్చ మచ్చలు కలగలిసి కనిపిస్తాయి. చిల్లులు పడవు. మీ ఆకు తిప్పి చూడండి, సన్నటి ఆకుపచ్చ పురుగు ఉంటుంది. ముట్టుకుంటే గిలగిల కొట్టుకుని దారం పట్టుకుని జారుతుంది. అది క్యాబేజీ, కాలీఫ్లవర్‌ను తినే డైమండ్ రెక్కల పురుగే. కేల్ కూడా ఆ కుటుంబమే కదా. అడుగు ఆకులు పండుబారడం ముదురుతనం, నత్రజని కొరత. చేదుకు కారణం ఎండ. ఈ మూడింటికీ వైరస్ అని ఒకే పేరు పెట్టేశారు!

అసలు పొరపాటు ప్యాకెట్ దగ్గర జరిగింది. దాని మీద రాసిన వసంతం వాళ్ల వసంతం. న్యూజెర్సీ లాంటి చోట మంచు కరిగే మార్చి, ఏప్రిల్‌లో విత్తుతారు, మళ్లీ జులై, ఆగస్టులో విత్తి చలిలో కోస్తారు. మన వసంతం ఉగాదితో వస్తుంది, అప్పటికి మిద్దె మీద కాలు పెట్టలేం. కేల్‌కు 15 నుంచి 20 డిగ్రీలు హాయి. 30 దాటితే ఆకు బిరుసెక్కి చేదవుతుంది. కశ్మీరీలు రోజూ వండుకునే హాక్ అనే ఆకుకూర దీని దగ్గరి చుట్టమే, అది పెరిగే చలి చూడండి.

మన మైదానాల్లో నారు పోయాల్సింది సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు 20 లోపు, అంటే దసరా అటూ ఇటూగా. నవంబరు 15 దాటాక ఇక మొదలుపెట్టొద్దు. విత్తనం అర అంగుళం లోతున వేస్తే 5 నుంచి 8 రోజుల్లో మొలుస్తుంది. 25 నుంచి 30 రోజులకు నాలుగైదు ఆకులు వస్తాయి, అప్పుడు సాయంత్రం పూట నాటండి. 12 అంగుళాల కుండీకి ఒక్కటే మొక్క. నేలలో అయితే 45 సెం.మీ. ఎడం. మట్టిలో మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు, కుండీకి 100 గ్రా. వేపపిండి కలపండి. 15 రోజులకోసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేస్తే మీకు టానిక్‌తో పనే ఉండదు.

నాటిన 45 నుంచి 50 రోజులకు మొదటి కోత. అరచేతి కంటే కాస్త పెద్దదైన అడుగు ఆకును కాడతో సహా కిందికి వంచి తుంచండి. పైన ఐదారు ఆకులు, మొవ్వు ఎప్పుడూ మిగలాలి. మొవ్వు తుంచితే మొక్క ఎదుగుదల దెబ్బతింటుంది. వారం, పది రోజులకోసారి తెల్లవారగానే కోయండి. డిసెంబరు, జనవరి చలికి ఆకులో చక్కెర పెరిగి రుచి వస్తుంది. ఫిబ్రవరి ఆఖరుకు పంట ముగించేయండి, ఇంకో నెల వస్తుందేమోనని ఆశపడొద్దు.

పురుగు సంగతి. 12 కుండీలకు పంపు భుజాన వేసుకోవడం ఎందుకమ్మా? రెండు రోజులకోసారి ఆకు అడుగున చూసి చేత్తో నలిపేస్తే ఐదు నిమిషాల పని. కేల్ నాటడానికి 15 రోజుల ముందే పక్కన రెండు కుండీల్లో ఆవాలు చల్లండి, తల్లి పురుగు గుడ్లు ముందు వాటి మీద పెడుతుంది. అయినా పురుగు ఎక్కువైతే 50 గ్రా. వేపగింజల పొడి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. దానికీ లొంగకపోతే బి.టి. (పురుగును చంపే బ్యాక్టీరియాతో చేసిన) మందు లీటరుకు 1 గ్రా., అదీ ఎండ తగ్గాకే. పురుగు కనిపించని వారం ఏదీ కొట్టొద్దు. పిచికారీకి ముందు కోయదగ్గ ఆకులు కోసేసుకోండి, తర్వాత మూడు రోజులు ఆగండి.

మందు పడిన కుండీల మట్టిని ఈ వేసవంతా తిరగేస్తూ ఎండబెట్టండి, రెండు నెలలు వాటిలో ఆకుకూర వేయొద్దు. వేరే కుండీల్లో తోటకూర, గోంగూర, బచ్చలి వేసుకోండి, ఈ ఎండకు అవే నిలుస్తాయి. పెరట్లో మునగ చెట్టు ఉంటే కేల్ కోసం ఇంత పాట్లు పడనక్కర్లేదని నా అభిప్రాయం, అయినా అమ్మాయి పంపిందన్నారు కాబట్టి మిగిలిన గింజలను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచండి. సెప్టెంబరులో పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. ఏడు మొలిస్తే ఆ విత్తనమే పోయండి, అంతకు తగ్గితే కొత్తది తెప్పించుకోండి.